అలకపాన్పు మీద మాఘమాసం

చలి గురించి నాకు తెలిసినదంతా ఒక్క రాత్రిలో నేర్చుకున్నాను. అంతకు ముందు నర్సీపట్నంలో పాతిక చలికాలాలు గడిపిన మాట నిజమే గానీ, అవన్నీ నాలుగు గోడల మధ్య, అమ్మ కుట్టిన బొంత కింద గడిపినవి. ఏజెన్సీ కొండల మీంచి దిగే గాలి వీధిలోకి వచ్చేసరికి నేను తలుపు గడియ వేసుకునేవాణ్ణి. మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయని పెద్దలంటారు. చెట్ల సంగతి నాకు తెలీదు. పెళ్ళికొడుకులు వణుకుతారు. దానికి నేనే సాక్ష్యం.

డెబ్భైల మధ్యలో నా పెళ్ళి. అప్పటికి నేను ఎలిమెంటరీ స్కూలు మేస్టర్ని. ఎస్సెల్సీ, ఆ పైన టీచర్ ట్రైనింగు, అంతే నా చదువు. పెళ్ళికూతురిది రావికమతం దగ్గర ఒక పల్లె. చెరకూ వరీ పండించే ఇల్లు. పంతొమ్మిదేళ్ళ మనిషి, రోజూ బస్సెక్కి టౌనుకొచ్చి కాలేజీలో ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. పరీక్ష ఫీజు కూడా కట్టేసింది.

పెళ్ళిచూపుల్లో మా మావయ్య, అంటే కాబోయే మావగారు, కోరింది ఒక్కటే. "పెళ్ళయిన నెలన్నరకి పరీక్షలండి. మా గుంటని రాయనివ్వండి, సాలు."

మా అమ్మ వెంటనే తల అడ్డంగా తిప్పింది. "ఎస్సెల్సీ మొగుడికి ఇంటరు పెళ్ళామేటండీ? నలుగురూ నవ్విపోరూ? ఇక్కడితో ఆపించీండి."

అందరూ నా వంక చూశారు. నేను కాఫీ గ్లాసు అడుగున ఏదో పడిందన్నట్టు లోపలికి చూస్తూ కూర్చున్నాను. అమ్మ ఆ మాట అన్నందుకు నాకు లోలోపల హాయిగానే ఉంది. నేను అనలేని మాట ఆవిడ అనేసింది, చెడ్డపేరు కూడా ఆవిడే మోసింది. తలుపు పక్కన నిలబడిన పెళ్ళికూతురు నా వంక ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. పరీక్ష సంగతి అక్కడితో ముగిసిపోయిందనుకున్నాను. ఆవిడ అలా అనుకోలేదు.

ఇక అలకపాన్పు సంగతి. పెళ్ళయిన మూడో నాడు కొత్త అల్లుడు మంచమెక్కి అలుగుతాడు. అత్తవారు వచ్చి బతిమాలతారు. అల్లుడు ఏదో కోరతాడు, వాళ్ళు ఇస్తామంటారు, ఈయన దిగుతాడు, అందరూ నవ్వుకుని భోజనాలకి లేస్తారు. మహా అయితే గంట పని. కానీ నాకు గురువుగా దొరికినవాడు మా అక్క మొగుడు. మా బావ తన పెళ్ళిలో గంటన్నర అలిగి సైకిలు సంపాదించిన వీరుడు. ఆ సైకిలు తొక్కినంత కాలం ఆ అలక కథ చెబుతూనే ఉన్నాడు.

"మూడుసార్లు బతిమాలేదాకా నోరు విప్పకు. అడిగింది చేతిలో పడేదాకా మంచం దిగకు. ఈలోగా వాళ్ళింటి మంచినీళ్ళు కూడా ముట్టుకోకు. ముట్టుకున్నావంటే రాజీ పడ్డట్టే లెక్క," అని నూరిపోశాడు.

బావ పెళ్ళి వైశాఖమాసంలో అయిందనీ, ఆయన అలిగింది మిట్టమధ్యాహ్నం కొబ్బరాకుల పందిరి నీడలోననీ నాకప్పుడు తట్టలేదు. ఎవరి ముహూర్తం వాళ్ళది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి పందిట్లో నవారు మంచం వేశారు. పట్టుపంచె, పల్చటి లాల్చీ, భుజాన ఉత్తరీయం, మెడలో వాడిపోయిన దండతో ఎక్కి కూర్చున్నాను. మావయ్య వచ్చాడు. "ఏటి కావాల అల్లుడు గారూ?" నేను మొహం కుడివైపు తిప్పుకున్నాను. రెండోసారి వేడి వేడి గారెల పళ్ళెంతో వచ్చాడు. మొహం ఎడమవైపు తిప్పుకున్నాను గానీ, ముక్కు మాత్రం పళ్ళెం వైపే ఉండిపోయింది. మూడోసారి వచ్చేసరికి, "రిస్టు వాచీ" అన్నాను.

"అంతేనా? రేపు టౌనుకెళ్ళి తెచ్చేత్తాను. దిగండి, బువ్వ సల్లారిపోతంది."

దిగిపోయేవాణ్ణే. కానీ పందిరి రాట దగ్గర బావ, అడ్డంగా తల ఊపుతున్నాడు. "చేతికి కట్టేదాకా దిగను," అన్నాను. మావయ్య నన్నూ, ఆకాశాన్నీ చూశాడు. లోపలికి వెళ్ళి దుప్పటి తెచ్చి మంచం మీద పెట్టాడు. "అలిగితే అలిగేరు గానీ, ఇది కప్పుకోండి బాబూ, మంచు కురుస్తాది."

నేను చెయ్యి చాపేలోగా బావ దాన్ని అందుకున్నాడు. అత్తవారి దుప్పటి అల్లుడి దగ్గర కనిపించకూడదట. సాక్ష్యం లేకుండా చేస్తానని విడిదికి పట్టుకుపోయాడు. ఆ రాత్రి అది ఎవరి మీద తెల్లారిందో వేరే చెప్పక్కర్లేదు.

జనం భోజనాలు చేసి సర్దుకున్నారు. మగపెళ్ళివారంతా విడిదికి వెళ్ళిపోయారు, అమ్మతో సహా. పందిట్లో ఒక లాంతరూ నేనూ మిగిలాం. సరిగ్గా అప్పుడు పెళ్ళికూతురు గడ్డిమేటు వైపు నుంచి చంకల నిండా ఎండుగడ్డి ఎత్తుకుని వచ్చింది. నా మంచానికి నాలుగు బారల దూరంలో కుమ్మరించింది. మళ్ళీ వెళ్ళి ఇంకో మోపు తెచ్చింది. మోకాలెత్తు గడ్డి పరిచి, కాళ్ళతో తొక్కి, దాని మీద విప్పిన గోనెసంచులు వేసింది.

మావయ్య గుమ్మంలోకి వచ్చాడు. "ఏటమ్మా ఇది?"

"నేనూ అలిగేను నాన్నా."

"ఎవుల మీద?"

"ఆ మంచమ్మీద ఉన్నోరి మీద. నన్ను పరీక్ష రాయనిత్తానని ఆయన నోటితో సెప్పాల. సెప్పీవరకూ ఈ గడ్డిలోంచి లెగను."

మావయ్య కాసేపు తల గోక్కున్నాడు. అల్లుడు అలిగితే ఏం చెయ్యాలో ఆయనకి తెలుసు. కూతురు అల్లుడి మీద అలిగితే ఏం చెయ్యాలో ఏ పెద్దమనిషీ చెప్పినట్టు లేదు. "ఇద్దరూ అలిగీత్తే నేనెవుల్ని బతిమాలాల?" అనుకుంటూ లోపలికి పోయాడు. ఆవిడ కూడా బొంత తెచ్చుకోడానికి వెళ్ళి, కొంచెం ఆలస్యంగా తిరిగి వచ్చింది. వెనకాలే తలుపు మూసుకుంది. అల్లుణ్ణి బయట పెట్టి తలుపేసుకోవడమేం మర్యాద అని నాకు ఒళ్ళు మండింది. ఆ మంట కాసేపు పనికొచ్చింది కూడా, తర్వాత అదీ చల్లారిపోయింది.

ఆవిడ గడ్డిలో గొయ్యిలా చేసుకుని, అందులో పడుకుని, కాళ్ళు ఒక గోనెసంచిలో దూర్చి, బొంత తల మీదుగా లాక్కుంది. ఆ తర్వాత కదల్లేదు. నేను మాత్రం కదలడం ఆపలేదు.

మొదట ఉత్తరీయం చెవులకి చుట్టాను. చెవులు బాగున్నాయి, వీపు పోయింది. వీపుకి చుట్టాను, పాదాలు పోయాయి. పంచె కుచ్చిళ్ళు విప్పి పాదాల మీదికి లాక్కుంటే మోకాళ్ళ కింద గాలి దూరింది. పట్టుబట్ట చూడ్డానికే గానీ కాపాడ్డానికి కాదని ఆ రాత్రి తెలిసింది. మెడలో దండ ఇంకా ఉందని గుర్తొచ్చి గుండెల మీద పరుచుకున్నాను. మంచుకి తడిసిన బంతిపూలు గుండెల మీద పెట్టుకుంటే ఎలా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది.

అన్నిటికన్నా విచిత్రం, చలి పైనుంచి కాదు, కింద నుంచి వస్తోంది. నవారు పట్టీల సందుల్లోంచి గాలి సూదులతో పొడుస్తోంది. పందిరికి కట్టిన గుడ్డ ఊడదీసి కింద పరుచుకుందామనుకున్నాను. కానీ అది ఆడపెళ్ళివారి గుడ్డ. ముట్టుకుంటే రాజీ పడ్డట్టా, కాదా? ఈ విషయంలో బావ ఏమీ చెప్పలేదు. వణుకుతూనే న్యాయం ఆలోచించాను.

అంతలో వీధికుక్క ఒకటి పందిట్లోకి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కుక్క అటు పక్షమూ కాదు, ఇటు పక్షమూ కాదు. దాన్ని పక్కలో వేసుకుంటే ఏ నియమమూ చెడదు. "దా, దా" అని బుజ్జగించాను. పెళ్ళికొడుకు పిలిచాడనైనా లేకుండా అది మంచం కోడు వాసన చూసి, తిన్నగా వెళ్ళి గడ్డిలో ఆవిడ కాళ్ళ దగ్గర ముడుచుకుంది. ఆ కుక్కకున్న తెలివి నాకు లేకపోయింది. నిజంగా ఏడుపొచ్చింది.

ఒకటే ఆశ. ఆడపిల్ల కదా, ఎంతసేపుంటుంది, కాసేపట్లో లేచి లోపలికి పోతుంది, అప్పుడు ఆ గడ్డిలో దూరతాను అనుకున్నాను. చెరకు తోటల కాపలాకి తండ్రి వెంట వెళ్ళి ఎన్ని రాత్రులు ఆరుబయట పడుకుందో నాకేం తెలుసు? దవడలు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు ఆవిడకి వినపడుతుందేమోనని పళ్ళ మధ్య ఉత్తరీయం కొంగు పెట్టుకున్నాను.

చివరికి కొంగు తీసేసి అడిగాను. "ఇదిగో... కొంచెం గడ్డి ఇస్తావా?"

పెళ్ళయ్యాక నా భార్యతో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట అది. లోకంలో ఏ మొగుడూ పెళ్ళాన్ని ముందుగా గడ్డి అడిగి ఉండడు.

బొంత లోపలి నుంచి జవాబు వెంటనే వచ్చింది. నిద్రపోతున్న మనిషి గొంతు కాదు. "మరి పరీక్షో?"

"గడ్డికీ పరీక్షకీ ఏం సంబంధం?"

"సలికీ వాచీకీ ఏటి సంబంధమండీ?"

అలిగినట్టు మొహం అటు తిప్పుకున్నాను. గాలి ఊరుకోలేదు. "నాకేం అభ్యంతరం లేదు," అన్నాను. "అమ్మే..."

"మీ అమ్మగారు ఆ మంచమ్మీద నేరండి. మీరున్నారు."

చలికి ఒక గుణముంది. మనిషి దగ్గర అబద్ధాలు ఎక్కువసేపు నిలవనివ్వదు. అబద్ధం అల్లాలంటే నోరు తిన్నగా ఉండాలి కదా. "అమ్మ పేరు అడ్డం పెట్టుకున్నాను," అని చెప్పేశాను. "నువ్వు ఇంటరు ప్యాసైతే నేను ఎస్సెల్సీ మొగుణ్ణయిపోతానని నాకే సిగ్గుగా ఉంది."

బొంత జరిగింది. లాంతరు వెలుగులో ఆవిడ మొహం కనిపించింది. నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు. "అయితే మీరూ రాయండి. ఎవులొద్దన్నారు? నా పుస్తకాలిత్తాను," అంది.

ఈ ఉపాయం నాకెప్పుడూ తట్టలేదు. "సరే. నువ్వు పరీక్ష రాయి," అన్నాను.

"పొద్దున్న మీ అమ్మగారితో సెప్తారా?"

"చెప్తాను."

"అందరి ముందూ?"

"అందరి ముందూ. ముందు గడ్డి ఇయ్యి తల్లీ."

గడ్డి ఇవ్వలేదు. "మంచమ్మీద ఎంతేసినా సందుల్లోంచి రాలిపోతాది. సలి కిందనించే వస్తాది గానీ పైనించి కాదు. నేలమీదికి దిగిపోండి, బేగి," అంది.

దిగడమంటే వాచీ పోవడమే. బావ సైకిలు చరిత్ర, మగపెళ్ళివారి పరువు, అన్నీ కళ్ళముందు కదిలాయి. అరనిమిషం కూడా కదల్లేదు లెండి. ఒక్క గెంతులో దిగిపోయాను. గడ్డికి ఆ చివరన నాకు చోటిచ్చి, గోనెసంచి ఒకటి విసిరి, కాళ్ళు అందులో పెట్టుకోమని చెప్పింది. మధ్యలో కుక్క. ముందు వీపు వెచ్చబడింది, తర్వాత మడమలు, చివరికి ముక్కు. ఎండుగడ్డి వాసన అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ తర్వాత ఏమైందో కూడా తెలీదు.

మెలకువ వచ్చేసరికి మొహం మీద ఎండ, చుట్టూ జనం. జుట్టు నిండా గడ్డి. "దిగిపోయావట్రా!" అని బావ నెత్తి కొట్టుకుంటున్నాడు. అమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "సలికి దిగేవా, పెళ్ళాం కోసం దిగేవా?" అంది.

పెళ్ళికూతురు పక్కకి నిలబడి బొంత మడతపెడుతోంది. మడతపెట్టిన బొంతనే మళ్ళీ విప్పి మడతపెడుతోంది. రాత్రి చీకట్లో ఇచ్చిన మాటకి పగలు ఇంత బరువుంటుందని నేననుకోలేదు. పాతికేళ్ళలో అమ్మకి ఎదురు చెప్పింది లేదు. మర్చిపోయినట్టు నటిస్తే? వెచ్చగా నిద్రపోయి లేచినవాడికి ఎన్ని దొంగ ఆలోచనలైనా వస్తాయి. అప్పుడు గుమ్మంలో మావయ్య కనిపించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా నోటివంకే చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాను. "ఆవిడ పరీక్ష రాస్తుంది."

"ఏ పరీక్ష?"

"ఇంటరు."

అమ్మ నన్ను కిందకీ పైకీ చూసింది. తర్వాత ఎవరూ ఊహించని పని చేసింది. ఖాళీగా ఉన్న నవారు మంచమెక్కి, కాళ్ళు పైకి ముడుచుకుని, కొంగు తల మీదుగా కప్పుకుంది. "అయితే నేనూ అలిగేను. ఈ పరీక్షలయ్యీదాకా ఇంట్లో పనెవులు సేస్తారు? నీళ్ళెవులు తోడతారు? అంట్లెవులు తోముతారు? అది సెప్పీదాకా నేనీ మంచం దిగను."

మావయ్య బతిమాలడానికి ముందుకొచ్చాడు. పాపం, అలిగినవాళ్ళు ఎక్కడ దొరికినా బతిమాలడం ఆయనకి అలవాటైపోయింది. ఆయన నోరు తెరిచేలోగా నేను, "నేను చేస్తాను," అన్నాను.

"నువ్వా?" అమ్మ కొంగు తీసి చూసింది. "నువ్వు అంట్లు తోముతావా?"

"తోముతాను."

అమ్మకి నవ్వాగలేదు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, మంచం దిగి మంచినీళ్ళడిగింది. మంచినీళ్ళు తాగితే రాజీ పడ్డట్టేనని బావ గొణిగాడు గానీ, ఎవరూ వినిపించుకోలేదు.

చెప్పిన మాట ప్రకారం మావయ్య ఆ రోజే టౌనుకెళ్ళి వాచీ తెచ్చాడు. గుండీ అంత చిన్న డయలుది, ఆడవాళ్ళ వాచీ. "పరీక్షలో టైము సూసుకోవాల కదండీ," అని నా ఎదురుగానే కూతురి చేతికి కట్టాడు. నేను నెలన్నర నూతిలో నీళ్ళు తోడాను, బూడిదతో గిన్నెలు తోమాను. చూసిన వీధివాళ్ళు పనీ పాటా మానుకుని నవ్వుకున్నారు. ఆవిడ మొదటిసారికే ప్యాసైంది. నేను ఆవిడ పుస్తకాలతోనే ప్రైవేటుగా కట్టి, ఇంగ్లీషులో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాను. తర్వాత ఆవిడ కూడా ట్రైనింగు చేసి టీచరైంది.

ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కుక్క దగ్గర ఒకసారి, గడ్డి అడిగినచోట ఒకసారి నవ్వించేవాణ్ణి. మావయ్య తలుపేసుకుని దుప్పట్లో దూరిన ఘట్టానికి మాత్రం ఇంకొంచెం మసాలా దట్టించేవాణ్ణి. ఆయన ముందు కూడా చెప్పేవాణ్ణి. ఆయన మీసంలో నవ్వుకునేవాడు గానీ, కాదనేవాడు కాదు.

ఎనభైల చివర్లో ఆయన పోయాడు. ఆ మాఘంలోనే చుట్టాల పెళ్ళి ఒకటి వచ్చింది. పందిట్లో గడ్డి పరిచి, పిల్లల్ని పడుకోబెట్టి, మామూలుగానే నా కథ అందుకున్నాను. తలుపేసుకున్న ఘట్టానికి పిల్లలు పడీ పడీ నవ్వి నిద్రపోయారు. ఆవిడ నవ్వలేదు.

"నాన్న చెప్పొద్దన్నాడు. ఇప్పుడాయన లేడు కాబట్టి చెప్తున్నాను," అంది. "ఆ రాత్రి బొంత కోసం లోపలికెళ్ళినప్పుడు నాన్నతో ఒక మాటన్నాను. తెల్లారీసరికి ఈయన ఊఁ అనకపోతే నన్ను పంపకు నాన్నా, బండి కట్టకు అన్నాను."

మూడు ముళ్ళూ పడి మూడు రోజులైన పిల్ల. ఊరంతా ఏమంటుందో ఆ ఇంటికి తెలియంది కాదు. "ఆయనేమన్నారు?" అన్నాను.

"సరే అన్నాడు. ఇంకొక్క మాట అడగలేదు. తలుపు దగ్గరికేసి, ఆ వెనకే నేలమీద కూకున్నాడట, మీరేటంటారో ఇనడానికి. అమ్మ దుప్పటి తెస్తే వద్దన్నాడట. పిల్ల బయట సలిలో ఉందే, నాకెందుకన్నాడట. మీరు సరే అన్న తరవాత కూడా లెగలేదట. పొద్దున్న అందరి ముందూ ఆ మాట నిలబెడతారో లేదోనని, అక్కడే తెల్లారబెట్టేడు."

పన్నెండేళ్ళు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వెచ్చగా నిద్రపోయాడని నలుగురినీ నవ్వించాను. ఆయనకి చెప్పుకోవలసిన మాట ఒకటి నోటిదాకా వచ్చింది. వినడానికి ఆయన లేడు.